తొలిపాఠము బిడ్డ నోటి పలుకుతో: గిడుగు రామమూర్తి పంతులుగారు

బిడ్డచేత తొలి యక్షరము దిద్దించువారు తాము అక్షరమును మాత్రమే నేర్పుచున్నామని తలంతురు. నిజమునకు వారు తమ తాతముత్తాతలనాటి నమ్మకములను గూడ నేర్పుచుందురు. బిడ్డ యనగా నెవరు, చదువనగా నేమి, కంఠస్థము ముందా, అర్థము ముందా, తప్పు చేసిన పసివానిని దండింపవలెనా, సైరింపవలెనా, ఇంటిలో నాడు మాట బడిలో చెల్లునా, చెల్లదా అను ప్రశ్నలకు సమాధానములు ఉపాధ్యాయునికి శిక్షణపాఠశాలలో దొరకుటకు బూర్వమే ఇంటి యరుగుమీదను, తాను చదివిన బడిలోను, ఊరి పెద్దల మాటలలోను దొరకియుండును. ఆ సమాధానములు మంచివైనచో బిడ్డ యదృష్టవంతుడు. కానిచో వానికి గలుగు నష్టమును లెక్కించువా డుండడు. ఏలయన, అయిదేండ్లు నిండని పసివాడు తనకు పాఠము తెలియలేదని యుపాధ్యాయునితో వాదింపలేడు. ఊరకుండును, లేదా యేడ్చును.

ఇది మన దేశమునకు మాత్రమే చెందిన సంగతి కాదు. జోసెఫ్ టోబిన్, డేవిడ్ వూ, డానా డేవిడ్సన్ అను మువ్వురు పండితులు జపాను, చైనా, అమెరికా దేశములలోని శిశుపాఠశాలలను చిత్రములుగా దీసి, ఒక దేశపు బడిని వేఱొక దేశపు ఉపాధ్యాయులకు జూపి, వారి యభిప్రాయముల నడిగి, 1989లో నొక గ్రంథమును వెలువరించిరి. పిల్లలు కొట్లాడుకొనుచుండగా జపానులోని పంతులమ్మ వెంటనే కలుగజేసికొనదు. పసివారు తమలో దాము సరిపుచ్చుకొనుట నేర్వవలెనని ఆమె నమ్మకము. అదే చిత్రమును జూచిన అమెరికా ఉపాధ్యాయులలో పలువురికి అది ఉపేక్షగా దోచెను. తరగతి యొక్కటే, తగవు నొక్కటే. చూచువారి సంప్రదాయములు వేఱు. బోధనపద్ధతి యను వృక్షమునకు వేళ్లు సంప్రదాయమునందే యున్నవని దీనివలన దేలుచున్నది.

తెలుగునాట ఈ సత్యమును ఇతరుల గ్రంథములు చూచి గాక, తన జీవితమంతయు వెచ్చించి తెలిసికొని, తెలిసికొన్నదాని నాచరణమున బెట్టిన యుపాధ్యాయు లొకరు గలరు. వారు కీర్తిశేషులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషోద్యమమునకు నాయకులుగా లోకము వారి నెఱుగును. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగుభాషాదినోత్సవముగా మనము జరుపుకొనుచున్నాము. కాని ఆ యుద్యమము పండితసభలలో గాక చిన్నపిల్లల తరగతిగదిలో బుట్టినదని మనలో బలువురు మఱచియున్నారు. హైదరాబాదునకు దూర్పున దమ్మాయిగూడ, నాచారము, ఉప్పలు మొదలగు చోట్ల వీధివీధిని శిశుపాఠశాలలు వెలయుచున్న ఈ దినములలో వారి జీవితమును ఆ తరగతిగది వైపునుండి మరల జూచుట యవసరము.

పంతులుగారి బాల్యమునాటికి తెలుగు పల్లెబడి యెట్లుండెడిదో మొదట జ్ఞప్తికి దెచ్చుకొందము. శుభముహూర్తమున అక్షరాభ్యాసము జరుగును. పళ్లెరములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి, ఓనమాలు దిద్దింతురు. శివునకు నమస్కరించు మంత్రమునుండియే తెలుగువాని అక్షరమాలకు ఓనమాలను పేరు వచ్చినది. బాసరలోని జ్ఞానసరస్వతి సన్నిధికి తలిదండ్రులు నేటికిని బిడ్డల నందుకే తోడ్కొని పోవుచున్నారు. పిమ్మట వీధియరుగుమీది బడి. ఇసుకలో వ్రేలితో నక్షరములు, తరువాత పలక, తాటాకు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుదురు. ఎక్కములు, శతకపద్యములు, అమరము అందఱు నొక్కగొంతుకతో వల్లె వేయుదురు. తప్పినవానికి గోడకుర్చీ, కోదండము, బెత్తము.

ఈ బడిని ద్వేషించుట సులభము. అర్థము చేసికొనుట కొంత కష్టము. విద్య దైవదత్తము, అక్షరము పవిత్రము, గురువు తండ్రివంటివాడు, పెద్దల పద్యము ఇప్పుడర్థము గాకున్నను పెరిగినపిమ్మట ఆపదలో నక్కఱకు వచ్చును: ఇవి ఆ పంతులుయొక్క నమ్మకములు. వీనిలో నీచమైన దొక్కటియు లేదు. ఆ నమ్మకములనుండియే ఆ పద్ధతులు పుట్టినవి.

1823లో బళ్లారి జిల్లా కలెక్టరు ఏ. డి. కాంబెల్ దొర తన జిల్లాలోని బడులనుగూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్ ఈయనయే. ఆయన లెక్కకు 533 బడులును, 6,641 మంది పిల్లలును వచ్చిరి. ఆ బడులలో 226 తెలుగువి. స్వల్పవ్యయముతో వ్రాత నేర్పుటను, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుటను ఆయన మెచ్చుకొనెను. ఈ పద్ధతి ఇంగ్లాండులో ననుకరింపబడుట తగియున్నదనెను. కాని యొక లోపమును మాత్రము దాచలేదు. పిల్లలు వల్లించు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదు. అర్థము వారికి దెలియదు. నేర్పువానికిని తఱచుగా దెలియదు. ఈ మాట ప్రభుత్వపు కాగితములలో బడి యుండిపోయెను. దానిని తిరిగి యెత్తుటకు ఒక తెలుగు బడిపంతులు పుట్టవలసివచ్చెను.

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళమునకు ఉత్తరమున వంశధారాతీరమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో నుద్యోగి. 1875లో ఆయన గతించుటతో పండ్రెండేండ్ల బాలునకు సంసారభారము కంటి కెదురుగా నిలిచెను. విజయనగరమున బంధువుల యింట నుండి మహారాజావారి యింగ్లీషు పాఠశాలలో జదివిరి. అక్కడ వారి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషను తేఱిరి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముతో ఫస్టు ఫారము పిల్లలకు జరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా జేరిరి. అప్పటికి వారి వయస్సు పదునేడేండ్లు. పిల్లలకు జెప్పుచు, తాము చదువుచు, 1896లో బి. ఏ. పరీక్షయందు గృతార్థులైరి.

పర్లాకిమిడి చుట్టునుగల కొండలలో సవరలు నివసింతురు. వారు సంతకు దిగివచ్చినపుడు పట్టణమువా రెల్లరు చూచిరి. వారి మాటను ఆలకించినవాడు లేడు. పంతులుగా రాలకించిరి. సవరభాష తెలుగునకు జుట్టము గాదు, ముండాకుటుంబమునకు జేరినది. దానికి లిపి లేదు, గ్రంథము లేదు. కావున నాటి విద్యావంతుల దృష్టిలో అది భాషయే కాదు. 1892 ప్రాంతమున పంతులుగారు తెలుగును సవరయు వచ్చిన యొకనిని తమ యింటనే యుంచుకొని ఆ భాషను నేర్వ నారంభించిరి. ఏండ్లు పట్టెను. మన్నెమునందు దిరుగుచు, సవరల పాటలను గథలను వినుచు వ్రాసికొనిరి. మన్నెపుజ్వరము వారిని బట్టెను. దానికై తీసికొన్న క్వినైను వలన చెవుడు వచ్చెను. ఒక జాతి మాటను వినుటకై తన చెవులనే యర్పించుకొన్న యుపాధ్యాయుని కథ మఱియొక దేశములో నున్నదో లేదో గాని, మన దేశములో నిది యొక్కటే చాలును.

నేర్చినదానితో వా రేమి చేసిరో చూడవలెను. సవరభాషలో వాచకములను గథలను బాటలను గూర్చిరి. తమ సొంతధనముతో సవరపల్లెలలో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చి, సవరబిడ్డలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. ఆ దినములలో నిది యెంతటి వింతయో నేటివారి కూహింప రాదు. కొండపిల్లవానికి జదువు రాదని పట్టణపు బంతులు నమ్మెను. ఆ నమ్మకమునకు సాక్ష్యమును గన్నులారా కనబడుచుండెను: పిల్లవాడు బడిలో నోరు మెదపడు. నోరు మెదపకుండుటకు గారణము బుద్ధిలేమి కాదనియు, బడి వానితో వానికి రాని భాషలో మాటలాడుటయే యనియు రామమూర్తి పంతులుగారు గ్రహించిరి. తనబోటి వాడే నడుపుచున్న బడిలోని దోషమును పిల్లవాని నెత్తిన వేయక, బడినే మార్చిరి. 1931లో సవరభాషావ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1934లో కైజరీ హింద్ పతకము వారికి లభించెను. కాని వీని కన్నిటికి మొదలు ఆ పల్లెబడిలోని నోరు మెదపని పిల్లవాడే.

సవరబిడ్డ వలన గలిగిన యీ తెలివితో పంతులుగారు తెలుగుబిడ్డ వైపు తిరిగిరి. అప్పుడు వారి కొక యాశ్చర్యము గలిగెను. తెలుగుబిడ్డకు తెలుగు పాఠమే సవరబిడ్డకు దెలుగువలె నున్నది. ఇంటిలో తల్లితో నాడు మాట యొకటి. వాచకములోని మాట మఱియొకటి. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది మొదలు దాని నియమములే వాచకములకు శాసనములైనవి. ఆ నియమములకు లోబడని మాటకు గ్రామ్యమని పేరు పెట్టిరి. ఆరేండ్ల పిల్లవాడు నోరు తెఱచినచో గ్రామ్యము! తన తల్లి పలుకు తప్పని తెలిసికొనుటయే వాని తొలిపాఠ మయ్యెను.

1907లో జే. ఏ. యేట్స్ దొర ఉత్తరసర్కారులకు బాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చెను. చిన్న తరగతులలో తెలుగు నేర్పుచున్న తీరు ఆయనకు నచ్చలేదు. జనులు మాటలాడు తెలుగునకును బడిపుస్తకములలోని తెలుగునకును ఇంత యెడమేలని ఆయన యడిగెను. విశాఖపట్టణమున మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాలాధ్యక్షులగు పి. టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తి పంతులుగారు ఈ ప్రశ్నకు సమాధానమును వెదకిరి. పరాయివాడు వేసిన ప్రశ్న యని దానిని గొందఱు నిందించిరి. ప్రశ్న పరాయివానిదే, కాని సమాధానమును పంతులుగారు పదునైదేండ్లుగా సవరపల్లెలలో సిద్ధము చేసికొనుచునే యుండిరి.

అదే 1907వ సంవత్సరమున, జనవరి 6వ తేదీని, రోములో సాన్ లొరెంజో యను పేదలపేటలో మరియా మాంటిసోరి యను వైద్యురాలు తన తొలి శిశుగృహమును దెఱచెను. బిడ్డను గనిపెట్టి చూచి, వాని యిచ్ఛను, వాని చేతిపనిని అనుసరించి చదువు చెప్పవలెనని ఆమె మతము. ఈ యిద్దఱు ఒకరినొకరు చూచినవారు కారు. ఆమె బిడ్డ చేతులను గనిపెట్టెను. ఆయన బిడ్డ నోటిని గనిపెట్టిరి. పాఠము పుస్తకమునుండి గాక బిడ్డనుండి యారంభింపవలెనను సిద్ధాంత మిరువురకు నొక్కటియే. గుజరాతులో గిజుభాయి బధేకా వకీలు పని మాని, 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, మాంటిసోరి పద్ధతికి గుజరాతీ కథలను బాటలను జేర్చి దానిని దేశీయముగా జేసెను. అన్యదేశపు మంచిని స్వదేశపు సంప్రదాయముతో నెట్లు కలుపవలెనో తెలిసినవాడాయన.

పంతులుగారి వాదమునకు వ్యతిరేకులు సామాన్యులు కారు. జయంతి రామయ్యపంతులుగారి పూనికతో 1911లో మద్రాసున ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమైనది. వారి భయమును తేలికగా దీసివేయరాదు. నన్నయనాటినుండి దాదాపు తొమ్మిదివందల యేండ్లు ప్రవహించిన భాషకు ఆనకట్ట పడునేమో, ఒక్కొక్క సీమవాడు తన యాసలో వ్రాసికొన్నచో తెలుగుజాతి ముక్కలగునేమో, రేపటి బిడ్డలకు భారతము పరాయిగ్రంథ మగునేమో యని వారు వెఱచిరి. స్వరాజ్యమునకై, తెలుగువారి యేకరాష్ట్రమునకై జాతి మేల్కొనుచున్న కాలమది. అట్టి భయము దేశభక్తినుండియే పుట్టినది.

పంతులుగా రీ భయమునకు గోపముతో గాక ప్రమాణములతో సమాధాన మిచ్చిరి. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి యొక విజ్ఞాపనమును బ్రకటించిరి. గ్రాంథికమే వ్రాయవలెనని శాసించు పండితుల రచనలనుండియే వ్యాకరణదోషముల నేరి చూపిరి. పండితుడు ముప్పదియేండ్లు చదివియు దప్పక వ్రాయలేని భాషను, పసివాడు రెండేండ్లలో నెట్లు వ్రాయగలడని వారి ప్రశ్న. దీనికి సమాధానము రాలేదు. వారు ప్రాచీనకావ్యములకు శత్రువులు గారు. శ్రీముఖలింగశాసనములను బట్టుదలతో జదివినవారు. కావ్యప్రయోగములను వ్రేళ్లమీద లెక్కింపగలవారు. పెద్దవాడు తన యిచ్ఛచే పాతభాషను జదువవచ్చును, వ్రాయవచ్చును. ఈ వ్యాసపు భాషయు నట్టిదే. పసివానికి ఆ యిచ్ఛ లేదు. వానికి భాష గమ్యము గాక, గమ్యమునకు బోవు బండి. ఎక్కలేని బండి నెదుట నిలిపి ప్రయాణము చేయుమనుట న్యాయము కాదని వారి వాదము.

ఈ పోరాటములో జయముకంటె నపజయములే ముందు వచ్చినవి. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షయందు వ్యాసమును ఆధునికభాషలోనైనను వ్రాయవచ్చునని ప్రభుత్వ మంగీకరించెను. ప్రతిపక్షము వారి యలజడికి లోబడి 1915లో ఆ యనుమతిని ఉపసంహరించుకొనెను. ఆ సంవత్సరముననే నవంబరు 30న అప్పారావుగారు కన్ను మూసిరి. బాల్యమిత్రుడు పోయెను, చెవులు వినబడవు, 1911లోనే యుద్యోగవిరమణ మయ్యెను. మఱియొకరైనచో నిల్లు చేరి విశ్రమించియుందురు. పంతులుగారు సంచి చేతబట్టి యూరూర దిరిగిరి. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజము వెలసెను. వీరేశలింగం పంతులుగా రధ్యక్షులు, రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. మూడు నెలలకే వీరేశలింగంగారు గతించిరి. పంతులుగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. 1924లో ఆంధ్రసాహిత్యపరిషత్తు వ్యావహారికముపై దన నిషేధమును దొలగించెను. 1925లో తణుకు సభలో వారు చేసిన దీర్ఘోపన్యాసముతో నవసాహిత్యవేత్తలు వారి పక్షమున నిలిచిరి.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము వేఱుపడినది. పర్లాకిమిడి యందు గలిసినది. తెలుగువారి పట్టణము తెలుగునాటినుండి విడిపోవుటను సహింపలేక, ఏబదియైదేండ్లు నివసించిన యింటిని విడిచి, పంతులుగారు రాజమహేంద్రవరమునకు దరలివచ్చిరి. తన భాషయం దింత యభిమానము గలవారే సవరబిడ్డకు సవరభాషలో జదువు చెప్పించిరని గమనింపవలెను. తన తల్లిని బ్రేమించువాడు పరుని తల్లిని గౌరవించును. భాషాభిమానమునకు గొలబద్ద యిదియే గాని, ఇతరుల నోరు మూయించుట గాదు.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున బత్రికాసంపాదకులకు వారు తమ తుదివిన్నపమును జేసిరి. జనులకు దెలియు భాషలో వ్రాయుడని దాని సారము. వారము తిరుగగానే, జనవరి 22న, దేహము చాలించిరి. ఆ దినములలోనే మద్రాసు శివారునందలి అడయారులో, దివ్యజ్ఞానసమాజాధ్యక్షులగు అరండేల్ గారి యాహ్వానమున 1939 నవంబరులో వచ్చిన మాంటిసోరియమ్మ, భారతీయోపాధ్యాయులకు దన తొలి శిక్షణతరగతిని నడపుచుండెను. ఒకచోట దీపము కొండెక్కుచుండగా నాప్రక్కనే మఱియొక దీపము వెలుగుచుండెను. వారి విన్నపమును బత్రికలు క్రమముగా మన్నించినవి, వాచకములును మాఱినవి.

సవరబడుల విషయమున మాత్రము జాతి చాల యాలసించినది. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గిరిజనబాలురకు దొలితరగతులలో వారి భాషలోనే చదువు చెప్పు బహుభాషావిద్యాకార్యక్రమము నారంభించెను. సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అను నెనిమిది భాషలం దది సాగెను. పంతులుగారు తమ జీతపు రూకలతో జేసిన పనిని రాజ్యము చేయుటకు వారు గతించిన పిమ్మట అఱువది యేండ్లు దాటవలసివచ్చెను.

ఇక మన హైదరాబాదు సంగతి. ఈ ప్రాంతమునకు భాషాబాధ క్రొత్త గాదు. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును నదియే బోధనభాష. తెలుగుతల్లి బిడ్డ తెలుగులో జదువుటకు దావు వెదకికొనవలసిన కాలమది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదులో తెలుగు బాలికలకు బాఠశాల స్థాపించుటయు, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ సమావేశమగుటయు ఆ బాధకు బ్రతిక్రియలే. పర్లాకిమిడి పంతులుగారును హైదరాబాదు పంతులుగారును వేఱువేఱు రాజ్యములలో నొకే బిడ్డకొఱకు బాటుపడిరి.

నేడు దమ్మాయిగూడ దారిలో శిశుపాఠశాలకు బోవు పసివాని స్థితి యెట్లున్నది? నాచారము, ఉప్పలు, చర్లపల్లి పారిశ్రామికవాడలకు జీవనము వెదకికొని నానాజిల్లాలనుండి, నానారాష్ట్రములనుండి కుటుంబములు వచ్చి చేరినవి. ఒక గదిలోనే తెలంగాణపు దెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, హిందీ, లంబాడీ వినబడవచ్చును. వారి కందఱకును మూడవయేటనే యింగ్లీషు గేయములను వల్లె వేయించుట యే చదువని పెక్కు తలిదండ్రుల నమ్మకము. తలిదండ్రుల నమ్మకమే యుపాధ్యాయినికి నాజ్ఞ. పిల్లవాడు చేతులు కట్టుకొని, అర్థము తెలియని పాటను దప్పులేక పాడును. అతిథులు చప్పట్లు కొట్టుదురు. 1823లో కాంబెల్ దొర చూచిన బడికిని దీనికిని భేద మేమి? పద్యము పోయి గేయము వచ్చినది, వల్లెవేత పోలేదు. తాళపత్రము పోయి రంగుల బొమ్మలు వచ్చినవి. ఇంటి మాట తక్కువదను భావము పోలేదు. నాడు గ్రామ్యమనిరి, నేడు బడిలో తెలుగు మాటలాడవల దనుచున్నారు. మనము ఆధునికమని మురియుచున్నది మన పాత సంప్రదాయమే, వేషము మార్చుకొని వచ్చినది.

ఇందు తలిదండ్రులను నిందింప బనిలేదు. ఇంగ్లీషు వచ్చినచో బిడ్డకు బ్రతుకుతెరువు దొరకునను వారి యాశ, గ్రాంథికము పోయినచో జాతి ముక్కలగునను రామయ్యపంతులుగారి భయమువలెనే, ప్రేమనుండి పుట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2022-23లో సర్కారు బడులలో నింగ్లీషు మాధ్యమమును బ్రవేశపెట్టుటకు ఈ యాశయే కారణము. ఇంగ్లీషు నేర్పవలసినదే. పంతులుగారే యింగ్లీషు చక్కగా జదివినవారు, దానిని బిడ్డలకు జెప్పినవారు. వివాదము నేర్పవలెనా, వలదా యని గాదు. దేనిపై నిలిచి నేర్పవలెను అని. తెలిసినదానినుండి తెలియనిదానికి నడపుటయే బోధన. బిడ్డకు దెలిసిన దొక్కటే, ఇంటి మాట. 1953లో యునెస్కో వెలువరించిన నివేదికయు, అయిదవ తరగతివఱకైనను వీలయినచోటుల నింటిభాషలో బోధింపవలెనన్న 2020నాటి జాతీయవిద్యావిధానమును, మూడేండ్లనుండి యెనిమిదేండ్ల వఱకు బిడ్డల చదువునకై 2022లో వెలువడిన జాతీయపాఠ్యప్రణాళికయు చెప్పుచున్న దిదియే. ఇన్ని సంఘములు కూడి చెప్పినదానిని పర్లాకిమిడిలో నొక బడిపంతులు ముందే చేసి చూపెను.

పంతులుగారి జీవితమునుండి నేటి తొలిబడి యుపాధ్యాయినులు గ్రహింపదగినది సంప్రదాయమును పాఱవేయు మనుట గాదు. వా రట్లు చేయలేదు. సవరల పాటలను, కథలను వారు బడిలోనికి దెచ్చిరి. అవి సవరల సంప్రదాయము గాక మఱేమి? మన సంప్రదాయమునందు బిడ్డకు బనికివచ్చునది చాల గలదు. ఇసుకలో వ్రేలితో వ్రాయించుట గలదు. పెద్దపిల్ల చిన్నపిల్లకు నేర్పుట గలదు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు గలవు. పొడుపుకథలు, అవ్వల కథలు గలవు. లంబాడీ తండా బిడ్డ తన పాటను, ఉర్దూ బిడ్డ తన కథను దెచ్చినచో గది మఱింత నిండును. ఆంతర్యమున దాగియున్న మఱియొక సంప్రదాయము మాత్రము విడువదగినది: ఊరకుండుటయే వినయమనుట, వల్లించుటయే విద్య యనుట, తల్లిపలుకు తప్పనుట. కోదండమును జట్టము బహిష్కరించినది. 2009నాటి విద్యాహక్కుచట్టము దేహదండనమును నిషేధించినది. కాని పసివాని పలుకును దండించుటను ఏ చట్టమును నిషేధింపజాలదు. అది యుపాధ్యాయిని హృదయమునందు జరుగవలసిన మార్పు.

దానికి శిక్షణ మవసరము. జీతము, గౌరవము నవసరము. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్రశిశువికాసపథకము క్రింద దేశమంతట వెలసిన అంగన్‌వాడీలలో పంతులమ్మ బిడ్డలకు బువ్వ పెట్టును, తూచును, టీకాల లెక్క వ్రాయును. మిగిలిన కాలమున పాఠము చెప్పును. ఆమెయు నొక సంప్రదాయమునుండి వచ్చినదే. ఆమె నమ్మకములను హేళన చేసి క్రొత్త పద్ధతిని నెత్తిన రుద్దినచో, తనిఖీదారు వచ్చిన దినము క్రొత్తదియు, తక్కిన దినములు పాతదియు నడచును. తాను బిడ్డగా నున్నప్పుడు పాఠ మర్థముగాక కూర్చున్న దినమును ఆమె స్వయముగా దలచుకొని, తన బడిలో నోరు మెదపని బిడ్డను గనిపెట్టునట్లు చేయుటయే నిజమైన శిక్షణము.

రామమూర్తి పంతులుగారికి మనము విగ్రహములు నిలిపితిమి. ఏటేట దండలు వేయుచున్నాము. వారు గోరినది దండలు గావు. జూనులో బడులు తెఱచిన తొలిదినమున, ఏడ్చుచు వచ్చిన బిడ్డను వాని యింటి మాటతో బలుకరించి, వాడు చెప్పినది చెవియొగ్గి విని, అక్కడనుండి పాఠ మారంభించు నుపాధ్యాయిని యెక్కడ నున్నదో అక్కడ వారి స్మారకము గలదు. ఆమెకు వలసిన శిక్షణమును, తీరికను, జీతమును సమకూర్చుట ప్రభుత్వముల విధి. ఆమె పద్ధతిని నమ్మి, బిడ్డ యింగ్లీషు గేయము పాడలేదని తొందరపడకుండుట తలిదండ్రుల విధి.